ప్యాంటు జేబులో తాళాలు

రెండేళ్ల కిందట సికింద్రాబాద్ సైనిక్‌పురిలో, మేముండే అపార్ట్‌మెంట్‌లో జరిగిందిది. ఒక ఉదయం నా కారు తాళాలు కనపడలేదు. రోజూ కారు కడిగే వాచ్‌మన్ యాదగిరే తీశాడనుకున్నాను. పిల్లల్ని స్కూలు వ్యాను ఎక్కించడానికి గేటు దగ్గరికొచ్చిన వాళ్లందరి ముందూ అతన్ని నానా మాటలూ అన్నాను.

"నాకు తెల్వదు సార్" అని మాత్రం అన్నాడు.

సాయంత్రం మా ఆవిడ ఉతకబోతున్న నా ప్యాంటు జేబులో తాళాలు దొరికాయి. అది చూసి మా ఆరేళ్ల పాప, "తప్పు చేస్తే ఎవరికైనా సారీ చెప్పాలన్నావుగా నాన్నా! అంకుల్‌కి చెప్పవా?" అంది.

గేటు దగ్గర ఎవరూ లేని సమయం చూసుకుని, పాపను తీసుకుని కిందికెళ్లి సారీ చెప్పాను.

"దొరికినయ్, మంచిగైంది సార్. కానీ పొద్దుగాల అందరి ముంగట అన్నరు. వాళ్లు నన్ను ఇంకా దొంగ అనే అనుకుంటున్నరు" అన్నాడు యాదగిరి మెల్లగా.

మర్నాడు వ్యాను వచ్చే వేళకు వెళ్లి, తాళాలు నా జేబులోనే ఉన్నాయనీ, తప్పు నాదేననీ అందరూ వినేలా చెప్పాను. "ఇగ చాలు సార్" అంటూ యాదగిరే నా చేతులు పట్టుకున్నాడు.

పాపకు సారీ చెప్పడం నేర్పింది నేనే. అది ఎవరి ముందు చెప్పాలో మాత్రం నాకు యాదగిరి నేర్పాడు.