సారుకు చెప్పని రెండో మాట

జనగామ లైబ్రరీ సారు పోయిండని మొన్న కూరగాయల కాడ ఒకామె చెప్పింది. ఏ సారు, ఏ సారు అని మూడుసార్లు అడిగిన. ఇంటికొచ్చి పొయ్యి మీద పాలు పెట్టి మరిచిన.

నేను నాలుగో తరగతి దాకనే చదివిన. తప్పులుంటే ఏమనుకోకుండ్రి.

రెండేండ్ల కింద తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్నప్పుడు, టెంటు కాడ మైకుల ఎనుకటి సాయుధ పోరాటం సంగతి చెప్తుంటే నాకు మనసుల దిగులు, రంది మొదలైంది. ఆ పోరాటమప్పుడే మా బాపు ఇల్లిడిసి పోయిండు, మళ్ల రాలె. దళంల చచ్చిపోయిండని అమ్మ ఒకపారి అన్నది. భయపడి పారిపోయిండని ఇంకోపారి అన్నది. ఏది నిజమో తెల్వక మా ఊరు నర్మెట్ట నుంచి బస్సెక్కి లైబ్రరీకి పోయిన.

"చదువుడు సరిగ రాదు సారూ" అన్న.

"నాకొస్తది గద అవ్వా, కూసో."

వారం వారం పోయిన. సారు పుస్తకాలు తీసి పోరాటంల చచ్చిపోయినోళ్ల పేర్లు చదివేటోడు. బస్సులు బందైతే ఎట్ల సారూ అని గడియకోపారి అడిగేదాన్ని. ఇసుక్కోకుండ లేచి, రోడ్డు దిక్కు చూసొచ్చి, "నడుస్తున్నయి అవ్వా" అనేటోడు.

బాపు పేరు యాడ దొరకలె. "దళంల చేరితే వేరే పేరు పెట్టేటోళ్లు. పుస్తకాలల్ల ఆ పేర్లే ఉంటయి. మీ బాపుకేం పేరు పెట్టిన్రో ఎరికేనా?" అన్నడు సారు.

నాకేం ఎరుక.

"గీళ్లల్ల ఎవలన్న మీ బాపు కావచ్చు."

"కాకపోవచ్చు గూడ గద?"

"కాకపోవచ్చు" అన్నడు. ఊరికే ధైర్యం చెప్పే మనిషి గాదు.

ఆఖరుకు తెల్లకాయితం తీసిండు. "పుస్తకంల లేదంటే జరగలేదని కాదవ్వా. నువ్వు చెప్పు, నేను రాస్త."

దళంల చచ్చిపోయిండని చెప్పిన. అమ్మ అన్న రెండో మాట చెప్పలె. అబద్ధమాడిన్నా, లేదా? ఇప్పటికీ సమజైతలేదు. సారు నమ్మి రాసిండు, నేను సంతకం వెట్టిన, ఆ కాయితం లైబ్రరీలనే దాచిండు. చెప్పాలె, సారుకు చెప్పాలె అనుకుంటనే ఉన్న. ఇగ ఎవలకు చెప్పాలె?

నిన్న లైబ్రరీకి పోయిన. పెద్ద చదువు చదివే పిల్లొకతి పోరాటం మీద ఏందో రాస్తుందట. ఆ పిల్ల ముంగట సారు రాసిన కాయితం, కింద నా వంకర సంతకం.

"ఏం గావాలె అవ్వా?" అన్నది, తల ఎత్తకుండనే.

నోరు తెరిచిన. "బస్సులు నడుస్తున్నయా బిడ్డా" అని అడిగిన. తన నోటుబుక్కుల మా బాపు పేరు ఎక్కించి, కింద గీత గీసి, ఆ పిల్ల తర్వాతి వరుస రాసుకుంటుంది.