ఏడో నంబరు కొట్టెయ్యండి

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ఊళ్ళ నుంచి విలేకరులు పంపిన అలాంటి వార్తలను ఎన్నో ఏళ్ళు నా చేత్తోనే చెత్తబుట్టలో వేశాను.

ఎనభైల మొదట్లో వరంగల్‌లో ఒక దినపత్రికలో పనిచేసేవాణ్ణి. ఒక ఉదయం ఎనుమాముల మార్కెట్టుకు మిరప బస్తాలతో, కూలీలతో వస్తున్న లారీ బోల్తా పడింది. పదకొండు మందిని దవాఖానలో చేర్చారు. వార్డులోకి బంధువులను సాయంత్రం నాలుగింటికే వదులుతారు. అందుకని వాళ్ళంతా పక్కనున్న మా ఆఫీసు ముందు కూర్చున్నారు. అక్కడి నల్లబోర్డు మీద పదకొండు పేర్లూ వరుసగా రాశాను.

వార్డు గుమాస్తా యాదగిరికి ఒకటే చెప్పాను. గంటగంటకూ ఫోన్ చేయొద్దు. జాబితా మారితేనే చెయ్యి. ఎవరైనా పోతే నంబరు చెబితే చాలు, ఆ పేరు తుడిచేస్తాను. ఫోన్ రాలేదంటే అందరూ ఉన్నట్టే.

ఏడో పేరు మల్లయ్య. అతని భార్య లచ్చవ్వ, ఖిలా వరంగల్ మనిషి, నాలుగు ఎప్పుడవుతుందా అని మాటిమాటికీ గోడ గడియారం చూస్తోంది.

"నీ మొగడు మొండోడే లచ్చవ్వా, ఊకనే పోతడా?" అంది పక్కనున్న ఆడమనిషి.

"మొండోడే. నాలుగింటికి పోయి నాలుగు తిట్టొస్త" అని నవ్వింది.

మూడూ అయిదుకు ఫోన్ మోగింది. మా ఆఫీసులో పనిచేసే రఘు ఎత్తి, విని, నాకిచ్చాడు. యాదగిరి గొంతే. "ఏడో నంబరు కొట్టెయ్యండి సారూ." ఒక దగ్గు. అంతే.

వెళ్ళి తుడిచాను. లచ్చవ్వ అరవలేదు. శవాన్ని తీసుకుపోవడానికి మనుషులను పిలుచుకొస్తానని లేచి వెళ్ళిపోయింది.

వార్తకు వయసు కావాలి కదా అని నాలుగున్నరకు వార్డుకు వెళ్ళాను. మల్లయ్య మంచం మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

"మా లచ్చవ్వ రాలే సారూ? గేటు తీసి శానా సేపాయె."

మూడింటి ఫోన్ సంగతి అడిగితే యాదగిరి బిత్తరపోయాడు. "నేనెందుకు చేస్త సారూ? మారితేనే చెయ్యమన్నరు గదా. ఏం మారలే."

స్కూటర్ మీద ఖిలా వరంగల్ వెళ్ళాను. ఇంటికి తాళం. చుట్టాలను పిలవడానికి పోయిందన్నారు, ఏ వాడకో ఎవరికీ తెలియదు. తిరిగి దవాఖానకు వచ్చేసరికి ఆరు. మల్లయ్య అయిదున్నరకు పోయాడు. చివరిదాకా గుమ్మం వైపే చూశాడని నర్సు చెప్పింది.

యాదగిరి అప్పుడే ఆఫీసుకు ఫోన్ చేశాడట. ఎత్తింది రఘే. మధ్యాహ్నం విన్న మాటలే, ఆ దగ్గుతో సహా, మళ్ళీ వినిపించాయని తర్వాత రఘు నాతో అన్నాడు.

లచ్చవ్వ తెల్లగుడ్డతో, నలుగురు మగవాళ్ళతో వచ్చింది. వాళ్ళలో ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. ఫోన్ చెప్పినట్టే శవం ఉంది.

"మీరు జల్ది చెప్పిన్రు సారూ, మంచిగైంది. మూడింటికే పోయిండు గదా? ఎక్కువ తిప్పలు పడలే గదా?"

"పడలేదమ్మా" అన్నాను.

ఆ మూడూ అయిదు ఫోన్ చేసిందెవరో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు. ఆమెకు నిజం చెప్పడానికి మాత్రం ఆ తర్వాత ఎన్నిసార్లు ఖిలా వరంగల్ దాకా వెళ్ళానో, అన్నిసార్లూ వెనక్కి తిరిగి వచ్చాను.