నాగమణి గొంతు

హార్బరు నుంచి చేపలు తెచ్చి గాజువాక వీధుల్లో కేకలేసి అమ్ముకునే నాగమణికి, చర్చిలో చేరినప్పటి నుంచీ ఒకటే అనుమానం. తను పాట ఎత్తుకోగానే ఆడవాళ్లు వెనక్కి తిరిగి చూసేవారు. నవ్వుకుంటున్నారనుకుని వెళ్లడమే మానేసింది.

ఒక ఆదివారం ఆ ఆడవాళ్లే సంఘపెద్ద భార్య ఎస్తేరమ్మతో కలిసి ఇంటికొచ్చారు. ఇక రావద్దని చెప్పడానికే వచ్చారనుకుని నాగమణి చాప కూడా వేయలేదు.

“ఏటిలాగొచ్చారు?”

“నువ్వు నేకపోతే పాట సాగట్లేదే,” అంది ఎస్తేరమ్మ.

“నాను పాడితే నవ్వీవోరు కాదేటి?”

“నీ ఎనకాల పాట అందుకుందామని తిరిగి సూసీవోలం.”

నాగమణి ఆమె ముఖంలో నవ్వు జాడ కోసం వెతికింది. కనబడలేదు.

మరుసటి ఆదివారం వెళ్లి, ఓరకంట అందరినీ గమనిస్తూ మెల్లగా మొదలుపెట్టింది. ఎస్తేరమ్మ మోచేత్తో పొడిచింది. “గట్టిగా పాడే!”

నాగమణి గొంతు విప్పింది. మళ్లీ తలలన్నీ తిరిగాయి. ఈసారి ఆమె ఆపలేదు.