గంజి పెట్టిన చాప

గ్రౌండులో సిమెంటు పిచ్ పోస్తున్నారన్న కబురు నాకు మొదట తెచ్చింది మా వీధిలో పూలమ్మే అత్త. వరసకు అత్త కాదు, వీధి వీధంతా అట్లా పిలుస్తుంది గనుక నాకూ అత్తే. గురువారం పొద్దున మూర మల్లెలు కొలిచి ఇస్తూ, "మీ మరిది చాపకు ఇంక పని ల్యాదంటమ్మా. సిమెంటు పోస్తాండారు. నువ్వు దబ్బనం పట్టుకోని కూసునే బాధ తప్పిందిలే" అని నవ్వింది. నేనూ నవ్వాను. పూలు మంత్రాలయం స్వామి పటానికి పెట్టి, దీపం వెలిగించి, కళ్ళు మూసుకుంటే మాత్రం స్వామి రూపం మనసులోకి రాలేదు. ఎండలో పరిచిన ఇరవై రెండు గజాల చాప వచ్చింది. స్వామికి నా సంగతి తెలుసు, ఏమీ అనుకోడు.

క్రికెట్టు తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. మా ఎమ్మిగనూరు గ్రౌండు నల్లరేగడి. ఎండాకాలంలో చెయ్యి దూరేంత నెర్రెలు, నాలుగు చినుకులు పడితే చెప్పులు వదిలేసి రావలసిందే. అందుకని మధ్యలో ఎర్రమట్టి పోసి, గట్టిగా తొక్కించి, దాని మీద కొబ్బరి పీచుతో నేసిన పొడుగాటి చాప పరిచి మేకులు కొట్టి ఆడేవాళ్ళు. ఆ చాప ఉండేది మా ఇంట్లో. మా ఇంటాయన తమ్ముడు, అంటే మా మరిది, ఆ క్రికెట్టు సంఘానికి కెప్టెను, కాపలాదారు, మేకులు కొట్టేవాడు, అన్నీ. వారమంతా మగ్గం, ఆదివారం చాప. చుట్టి వసారాలో పెడితే ఇంటికొచ్చిన చుట్టాలు దాని మీదే కూర్చునేవాళ్ళు. సంబంధాలు మాట్లాడటానికి వచ్చిన పెద్దమనుషులు కూడా దాని మీద కూర్చునే మాట్లాడిపోయారు.

జట్టులో ముగ్గురు మగ్గం నేసేవాళ్ళు, ఒకడు ఆటో తోలేవాడు, పెద్దకడుబూరు నుంచి బస్సులో వచ్చే బడి అయ్యవారొకరు, గోనెగండ్ల నుంచి అన్నదమ్ములు ఇద్దరు. ఆ ఇద్దరూ ఆదివారం కూలి మానుకుని వచ్చేవాళ్ళు. కాళ్ళకు కట్టుకునే ప్యాడ్లు రెండే జతలు. ఒకడు అవుటై వస్తే, తరువాత దిగేవాడు వాటిని కట్టుకునేదాకా ఆట ఆగేది. తెల్లప్యాంట్లు మా మగ్గాల మీద నేసిన పంచెల గుడ్డతో కుట్టించినవి. ఆటలో వంగితే పిగిలేవి. వాటిని కుట్టేదీ నేనే.

నేను బడికి పోయిన దాన్ని కాదు. చిన్నప్పుడు కాలికి జబ్బు చేసి మూడేళ్ళు మంచం మీద ఉన్నాను. మా నాయన మగ్గం గుంటలో కూర్చుని నేస్తూనే నాకు అక్షరాలు చెప్పాడు. పలక మీద దిద్దడమూ, పడుగుకు, అంటే మగ్గానికెక్కే నిలువు పోగులకు, గంజి పట్టించడమూ నాకు ఒకే ఏడాది వచ్చాయి. తెల్లవారుజామున వీధి పొడవునా పడుగు పరిచి, జొన్న గంజి పట్టించి, కుంచెతో దువ్వుతూ ఆయన పద్యం అందుకుంటే నేను పూర్తి చెయ్యాలి. గంజి లేని పని గడప దాటకూడదన్నది ఆయన మాట. నా చదువుకు ఆయనకు రోజూ దండం పెట్టుకుంటాను. అయితే ఆ చదువే ఒకసారి మా సంఘాన్ని ముంచబోయింది.

అది పదమూడేళ్ళ కిందటి ఎండాకాలం. ఆదోని జట్టు మా ఊరికి ఆటకు వచ్చింది. వాళ్ళ కెప్టెను పత్తి మార్కెట్టులో తూకాలు వేసే మనిషి. దుక్కలాంటి ఒళ్ళు, పెద్ద మీసం, నాలుగు వీధుల అవతలికి వినబడే గొంతు. చాప పరవగానే, బ్యాటు పట్టుకుని నిలబడేచోట తలుపంత చిరుగు కనిపించింది. ఆయన ఆ చిరుగులో కాలు పెట్టి చూపించాడట. "దీని మింద ఆడితే మా పిల్లోల్ల పండ్లు రాల్తాయి. పండ్లు ల్యాకుండా ఇంటికి తోల్కపోతే వాళ్ళమ్మలకు ఏం సెప్పల్ల నేను?" అని ఆడనన్నాడు. అంపైరుగా వచ్చినాయన రిటైరైన డ్రిల్లు మాస్టరు. రూలు పుస్తకం చొక్కా జేబులో పెట్టుకునే రకం. వచ్చే ఆదివారం పదిన్నరకల్లా మంచి చాప పరిచి ఉండాలి, లేకపోతే ఆట ఆదోనికి ఇచ్చేస్తానని చెప్పి పోయాడు.

అట్లా ఆడకుండానే ఆట పోగొట్టుకోవడాన్ని వాకోవరంటారు. ఆ ఏడు అంతకుముందే ఒకసారి దారిలో టెంపో చెడిపోయి మావాళ్ళకు ఒక వాకోవరు అయింది. రెండోది అయితే లీగులోంచి, అంటే ఊళ్ళ జట్ల పోటీలోంచి, సంఘం పేరు కొట్టేస్తారు. మళ్ళీ చేర్చుకుంటారన్న ఆశ లేదు. కొత్త చాప దూరం నుంచి రావాలి, వారంలో రాదు.

ఆ సాయంత్రం మరిది చాప చుట్ట మీద తల పట్టుకుని కూర్చున్నాడు. అన్నం పెడతానంటే వద్దన్నాడు. "ఇరవై ఏండ్లు మోసినా వదినా దీన్ని. వచ్చే ఆదివారంతో అయిపాయ" అన్నాడు.

"చిరిగింది చాపే గదప్పా. మనం నేసేటోల్లం" అన్నాను.

"ఇది చీర కాదు వదినా."

"చీరకన్నా మొద్దుదే గదా. నాకింకా సులువు. లెయ్యి, అన్నం తిను."

మాట అయితే అనేశాను గాని, పీచు ఎక్కడిది? మర్నాడు పొద్దున వీధిలో అడగడం మొదలుపెట్టాను. కుళాయిలు వచ్చాక అటకల మీద పడిపోయిన పీచు చేంతాళ్ళు ఒక్కొక్కటే దిగాయి. గోనెగండ్ల అన్నదమ్ములు వాళ్ళ రైతును అడిగి బండి తాళ్ళు తెచ్చారు. శనక్కాయల మిల్లు హమాలీలు మూడు దబ్బనాలు పంపారు. వెనకింటామె ఉయ్యాల తాడు తెచ్చి నా ఒళ్ళో వేసి, "మా పిల్లోల్లు పెద్దోల్లయిరి. ఇంక మీ పిల్లోల్లు ఊగనీ" అంది. మీ పిల్లలంటే మీసాలొచ్చిన ఆ పదకొండు మంది. తాళ్ళ పురులు విప్పి, నానబెట్టి, సన్నగా మళ్ళీ పేనడానికే మూడు రోజులు పట్టింది. తరువాత చాపను వీధి పొడవునా పడుగులాగా సాగదీసి, చిరుగు మీద నిలువు పోగులు పోసి, అడ్డం పోగులు దబ్బనంతో ఒకటి పైకి ఒకటి కిందికి దూర్చాం. ఆరుగురం ఆడవాళ్ళం. వేళ్ళు కోసుకుపోయాయి. మా ఇంటాయన చూసి, "ఇంత శ్రద్ధ మగ్గం మీద పెట్టింటే మిద్దె కట్టిందుము" అన్నాడు. అని, తనూ ఒక దబ్బనం తీసుకుని కూర్చున్నాడు.

శనివారం మధ్యాహ్నానికి పని అయిపోయింది. ఎక్కడ చిరిగిందో తడిమినా తెలియలేదు. పీచు మాత్రం అక్కడక్కడా లేచి గరుగ్గా ఉంది. నాకు మా నాయన మాట గుర్తుకొచ్చింది. పెద్ద గుండిగలో జొన్న గంజి కాచాను. చాపంతా పట్టించి కుంచెతో దువ్వి ఎండలో ఆరబెట్టాను. ఎవరూ వద్దనలేదు. మా నేతగాళ్ళ వీధిలో గంజి వద్దని ఎవరికి మాత్రం తోస్తుంది? సాయంత్రానికి అది పెళ్ళికొడుకు పంచెలాగా పెళపెళలాడింది.

ఆదివారం తొమ్మిదిన్నరకు చాప పరిచి మేకులు కొట్టారు. నేను ఎన్నడూ గ్రౌండులో కాలు పెట్టినదాన్ని కాదు. ఆ రోజు మాత్రం వీధి ఆడవాళ్ళతో కలిసి గట్టు మీద నిలబడ్డాను. అంపైరు వంగి చాప తడిమి, తృప్తిగా తల ఊపి, బంతిని చెయ్యెత్తి తలపై నుంచి వదిలాడు. అది చెక్క మీద పడ్డట్టు ఠక్కుమని లేచి ఆయన గడ్డానికి తగిలింది. మళ్ళీ వదిలితే మళ్ళీ అంతే; ఇట్లా ఎగిరితే ఆడించనని తల అడ్డంగా ఊపాడు. ఇంతలో ఎటునుంచో ఒక ఆవు తాపీగా వచ్చి, పిచ్ మధ్యలో నిలబడి చాప నాకడం మొదలుపెట్టింది. ఆదోని కెప్టెను నవ్వు ఊరంతా వినబడి ఉంటుంది. "గంజి పెట్టినారేమప్పా! ఇస్త్రీ గూడా సేసింటే బాగుండు. ఇది చాప కాదు, అప్పడం!"

మరిది నావైపు చూశాడు. ఆ చూపులో కోపమున్నా బాగుండేది.

నేను గట్టు దిగాను. పదిమంది మగవాళ్ళ మధ్యకు నడవడం అంత కష్టమని నాకు అప్పటిదాకా తెలియదు. "తప్పు నాదయ్యా. గంజి పెట్టింది నేను. కడిగి పరుస్తాం" అన్నాను. అంపైరు గడియారం చూసుకుని, "పదిన్నర దాకా ఉందమ్మా టైము. అంతే. రూలంటే రూలు" అన్నాడు.

కడగాలంటే నీళ్ళు కావాలి. మా ఊళ్ళో ఎండాకాలం కుళాయి ఐదు రోజులకొకసారి. మళ్ళీ నీళ్ళొచ్చేది మంగళవారం. ఇంకొకరిని అడిగే ముందు మా ఇంటికి పోయి డ్రమ్ము ఖాళీ చేశాను. దేవుడి గూటి దగ్గర మడిగా పట్టుకున్న రాగి బిందె ఒకటి మిగిలింది. ఒక్క క్షణం ఆగాను. స్వామీ, నువ్వు తుంగభద్ర ఒడ్డున కూర్చున్నవాడివి, నీకు నీళ్ళకేం కరువు అనుకుని దాన్నీ ఎత్తుకున్నాను. బయటికి వచ్చేసరికి వీధిలో ప్రతి గడపలోనూ బిందె ఉంది. నేను అడగనే లేదు. ఆటో అబ్బాయి వాటిని గ్రౌండుకు తోలాడు.

మేకులు పెరికి, చాపను గట్టు పక్క బండల మీదికి ఈడ్చి, నీళ్ళు కుమ్మరించి, జట్టంతా బ్యాట్లతో చాకలి బండ మీద బట్టలు ఉతికినట్టు బాదారు. అయ్యవారు కూడా ప్యాంటు మడిచి తొక్కారు. తెల్లగా గంజి కారుతూనే ఉంది. పదింబావు అయింది. పదీ ఇరవై అయింది. ఇంకా సగం చాప మిగిలే ఉంది. గడువు లోపల కాదని అందరికీ తెలిసిపోయింది. మరిది తల ఎత్తలేదు, బాదుతూనే ఉన్నాడు. పదిన్నరకు ఆదోని కెప్టెను తన జట్టుతో గ్రౌండులో నిలబడి 'మేం తయారు' అంటే చాలు, ఆట వాళ్ళది.

ఆయన మావైపు కొంచెంసేపు చూశాడు. గడియారం చూసుకున్నాడు. తరువాత పెద్ద గొంతుతో, "రాండప్పా, ఆకలైతాంది. బస్టాండు కాడ ఉగ్గాని బజ్జి తినొద్దాం" అన్నాడు.

"ఇప్పుడా అన్నా? ఇంగ పది నిమిసాలే గదా" అన్నాడు వాళ్ళలో ఒకడు.

"నా కడుపు గడియారం సూసి ఆకలైతాదారా? నడువు."

అందరినీ టెంపో ఎక్కించుకుని పోయాడు. పదిన్నరకు అంపైరు ఒక్కడే పిచ్ దగ్గర నిలబడ్డాడు. ఇటు చాప లేదు, అటు జట్టు లేదు. జేబులోంచి పుస్తకం తీసి వేలు పెట్టి చదువుకుని, గట్టిగా చెప్పాడు: "రెండు పక్కలా తయారుగా లేకపోతే అరగంట ఆగల్ల. పదకొండు దాకా ఆగుతాను."

పదకొండుకు ఐదు నిమిషాలుండగా మరిది చివరి మేకు కొట్టాడు. ఆ వెంటనే టెంపో వచ్చింది. అంపైరు బంతి వదిలితే మోకాలి దాకా లేచింది. ఆయన తల ఊపాడు.

ఆట గురించి నాకు తెలిసింది తక్కువ. మావాళ్ళు ప్రాణం పెట్టి ఆడారని మాత్రం తెలుసు. ఆదోని వాళ్ళు ఎనిమిది మంది అవుటయ్యారు, ఇంకొక ఇద్దరైతే మేమే గెలుస్తాం. అట్లాంటప్పుడు ఆ కెప్టెను కదలకుండా నిలబడి, చివరికి బంతిని రేగడి చేలలోకి కొట్టి ఆట ముగించాడు. మేం ఓడిపోయాం. ఓడినా మావాళ్ళు మరిదిని భుజాల మీద ఎత్తుకున్నారు. ఆడి ఓడితే పేరు కొట్టెయ్యరు.

అందరికీ మజ్జిగ పోస్తూ ఆయన దగ్గరికి వచ్చి, "ఉగ్గాని బాగుండెనా అన్నా?" అన్నాను. పక్కనున్నవాడు అందుకున్నాడు. "యాడి ఉగ్గానక్కా! బస్టాండు కాడ ఎండలో ఊరికే నిలబెట్టినాడు. టీ గూడా తాగనీల్యా."

"నోరు మూయిరా" అన్నాడాయన. నేను దండం పెట్టబోతే వెనక్కి జరిగాడు. "ఏమిటికమ్మా దండాలు? గెలిస్తే ఆడి గెలవల్ల. గంజి మింద గెలిసినామంటే మా మార్కెట్టులో నగుతారు." మజ్జిగ ఒక్క గుక్కలో తాగి, లోటా నా చేతికిచ్చి, "నీ చేతి కుట్టు గట్టిదమ్మా. ఇంగోసారి గంజి పెట్టాకు" అని టెంపో ఎక్కాడు.

మళ్ళీ ఆయన్ని నేను చూడలేదు. రెండేళ్ళ కిందట పోయాడని మరిది ఆదోని నుంచి వచ్చి చెప్పాడు. ఆ వారం మంత్రాలయం పోయినప్పుడు నదిలో దిగి పోయిన మావాళ్ళతో పాటు ఆయన పేరా మూడు దోసిళ్ళు వదిలాను. అసలు పేరు అప్పటికీ నాకు తెలియదు, 'తూకాలాయన' అనే అనుకున్నాను. నదికి అర్థమై ఉంటుంది. ఇది చదివినవాళ్ళు మీరూ ఆ మనిషిని ఒక్కసారి తలుచుకోండి. ఆయన మాకిచ్చింది అరగంట. పదమూడేళ్ళుగా మా వీధి పిల్లలు ఆ అరగంటలోనే ఆడుకుంటున్నారు.