పండుగకు ముందు తిన్న కాయ

నాకు కాలు ఒకచోట నిలవదని మా అమ్మ చిన్నప్పటి నుంచీ తిట్టేది. చర్ల దగ్గరి కోయగూడేనికి టీచరుగా వెళ్లి, ఉన్న పని చాలదన్నట్టు పిల్లల మాసపత్రికకు సీరియల్ ఒప్పుకున్నాక ఆ జబ్బు మరీ ముదిరింది. ఎనభైల మొదటి మాట. నెలకో భాగం పంపాలి. కథ కదలకపోతే చాక్‌పీసు పట్టుకుని ఈ గోడ నుంచి ఆ గోడకు తిరిగేదాన్ని. పిల్లలు ఎక్కాలు అప్పజెబుతూనే నన్ను చూసి కిసుక్కుమనేవాళ్లు. ఎవరు ఏం చెబుతున్నా, ఇది కథకు పనికొస్తుందా అన్న యావ తప్ప ఇంకోటి ఉండేది కాదు.

నాలుగో తరగతిలో ఒక పిల్ల ఉండేది. ఎడమ కనుబొమ మీద గాటు. నోరు తెరిచిందంటే వసపిట్టే. వేసవి సెలవులకు ముందు ఒక మధ్యాహ్నం పలక తుడుస్తూ నా చెవి దగ్గరికొచ్చింది.

"టీచర్, ఎవ్వలికీ చెప్పకు. నేను మామిడికాయ తిన్న."

ఆ గూడెంలో కొత్త మామిడికాయ పండుగ చేసి, దేవతకు పెట్టేదాకా ఎవరూ కాయను నోట పెట్టరు. రాలిన పిందెను పసిపిల్లలైనా ముట్టరు. ఎవరైనా తిన్నారని తెలిస్తే పండుగలోపే అందరి ముందూ తప్పు ఒప్పుకోవాలి.

"చెప్పనులే" అన్నాను. అన్నదాన్ని అన్నట్టే ఉండక ఆ సాయంత్రమే కాగితాలు ముందేసుకున్నాను. ఆకలేసి కాయ తెంపిన పిల్ల, పులుపుకు గట్టిగా మూసుకున్న కళ్లు, తినగా మిగిలిన ముక్కను వాగు ఇసుకలో పాతిపెట్టడం, అన్నీ రాసేశాను. పేరు మార్చాను. పేరు మారిస్తే మనిషి మారిపోతుందనుకున్నాను, నా తెలివి అంతవరకే. గాటు మాత్రం కథకు అందంగా ఉందని ఉంచేశాను.

జూన్‌లో బడి తెరిచాక పత్రిక వచ్చింది. అప్పటికి పండుగ అయిపోయింది. వానలు మాత్రం పడలేదు. అచ్చులో నా కథ చూసుకుని ఆగలేకపోయాను. నిలబడే, అభినయంతో సహా, తరగతికి చదివి వినిపించాను. గాటు దగ్గరికి వచ్చేసరికి తలలన్నీ ఒక్క వైపే తిరిగాయి. ఆ పిల్ల పలక మీదకు వంగింది. నేను చదవడం ఆపలేదు. ఆపితే ఇంకా తెలిసిపోతుందని భయపడ్డాను.

మర్నాడు ఆ పిల్ల రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ద్వారం దాకా వెళ్లడం, రావడం, ఇదే నా పని. మూడో రోజు మధ్యాహ్నానికే బడి వదిలేసి వాగు దాటి వాళ్లింటికి వెళ్లాను. వాకిట్లో మంచం మీద గూడెం పెద్ద కూర్చున్నాడు. ఆ పిల్ల తండ్రి పక్కన నిలబడి ఉన్నాడు. పిల్ల తడిక వెనక ఉంది.

"పంతులమ్మా, మా పిల్ల పండగ గాకముందే కాయ తిన్నదని పుస్తకంల రాసినవంట. నిజమేనా?" అని పెద్ద అడిగాడు. "వానలు సుత పడకపాయె, తప్పు దాసిపెట్టి పూజ జేసినమా అని అందరికీ గుబులైతాంది."

"నిజమైతే ఇగ బడి బంద్," అన్నాడు తండ్రి. "గిట్ల దాసుడు ఆడనే నేర్చింది."

 నిజమంటే పిల్ల చదువు పోతుంది. ఊరికే కల్పించానంటే తరగతిలో అందరూ చూసిన ఆ ముఖాన్ని ఏం చేయను?

"తిన్నది నేను, తాతా. తోవల ఆకలైతే తెంపుకున్న. సిగ్గై పిల్ల మీద బెట్టి రాసిన" అనేశాను.

 పెద్ద నమ్మాడో, పిల్ల కోసం నమ్మినట్టు ఊరుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. "నువ్వు మా దాంట్ల మనిషివి గావు, నీకేం ఎరుక. కానీ కాయ మా చెట్టుదే గదా, కోడిని దెచ్చి దేవత ముంగట తప్పు ఒప్పుకో" అన్నాడు. మర్నాడు రెక్కలు కొట్టుకుంటున్న కోడిని చంకలో పెట్టుకుని దేవత ముందు, గూడెమంతా చూస్తుండగా, నేను చేయని తప్పును ఒప్పుకున్నాను. చేసిన తప్పు మాత్రం నోటికి రాలేదు.

తర్వాతి రోజే ఆ పిల్ల బడికి వచ్చింది. గట్టెక్కానని సంబరపడ్డాను. తడిక వెనక నుంచి ఆ పిల్ల అంతా విన్నదని, అబద్ధం నా నోట ఎంత సులువుగా వస్తుందో చూసిందని నాకు తట్టనే లేదు.

ఆ నెలాఖరున ఒక పొద్దున అందరికంటే ముందొచ్చి నా బల్ల దగ్గర నిలబడింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"టీచర్, రాత్రి మా అమ్మకి..." అని ఆగింది. "ఇది గూడ రాస్తవా?"

"రాయను. ఒట్టు."

"అవ్," అంది మెల్లగా. తల ఊపి, వెళ్లి తన చోట్లో కూర్చుని పలక తీసుకుంది. వాళ్లమ్మను మంచం మీద మోసుకుంటూ దవాఖానాకు తీసుకుపోయిన సంగతి నాకు ఆ పిల్ల కాదు, సాయంత్రం వేరే పిల్లలు చెప్పారు.