వంతుల వాచీ

ఏటా ఎండాకాలం మొదట్లో స్విట్జర్లాండ్ కంపెనీలు కొత్త వాచీలు విడుదల చేసే వారం ఒకటి వస్తుంది. ఆ వారం నేను మనిషిని కాను. కామారెడ్డిలో నాకు స్టీలు సామాన్ల దుకాణం ఉంది. గిరాకీ వచ్చి పెద్ద గంజు చూపించమంటే చిన్న గంజు తీసిస్తాను, మూత అడిగితే గరిటె ఇస్తాను. కళ్లు ఫోన్ మీద ఉంటాయి, చెవులు ఎల్లారెడ్డి నుంచి వచ్చే కాల్ కోసం కాచుకుని ఉంటాయి.

ఎల్లారెడ్డిలో నాలాంటి పిచ్చివాడు ఇంకొకడున్నాడు. దేశమంతటి వాచీ ప్రియులు చేరిన ఒక వాట్సాప్ గ్రూపులో మేమిద్దరం కలిశాం. అందులో అంతా ఇంగ్లీషే, అంతా బొంబాయి, బెంగళూరు దొరబాబులే. ఒకాయన తన కొత్త వాచీ ఎంత లోతు నీళ్లలోనైనా పనిచేస్తుందని గొప్పలు పోతుంటే, కింద తెలుగులో ఒక మెసేజ్ కనిపించింది. "మా నిజాంసాగర్ల గంత లోతు లేదు సార్." నేను దుకాణంలో ఒక్కణ్నే కూర్చుని గట్టిగా నవ్వాను. వెంటనే ఫోన్ చేస్తే తెలిసింది, మా మధ్య ఉన్నది ఒక్క బస్సు ప్రయాణమే.

అతను నాకంటే చిన్నవాడు. నన్ను అన్న అంటాడు, నేను తమ్మి అంటాను. దుబాయిలో ఒక పెద్ద మాల్‌లో అద్దాలు తుడిచే పని చేసి వచ్చాడు. వాచీ షోరూముల అద్దాలు తుడుస్తూ తుడుస్తూ ఈ జబ్బు అంటించుకున్నాడు. ఇప్పుడు ఊరి పక్కనే చెరుకు వేస్తాడు. రాత్రి అన్నం తిన్నాక ఫోన్ చేసి, "అన్నా, ఆ నీలం డయల్ది చూసినవా?" అంటాడు. ఇక మా ఇద్దరికీ లోకం పట్టదు.

అభిరుచుల్లో మాత్రం మాకు ఆమడ దూరం. వాచీ అంటే వక్కపలుకంత పలచగా ఉండాలి, రోజూ పొద్దున చేత్తో కీ ఇవ్వాలి, చొక్కా చేతి కింద బుద్ధిగా దాక్కోవాలి అని నేనంటాను. అతనికి సముద్రంలో దూకేవాళ్ల వాచీలు కావాలి. బరువుగా, లావుగా, చీకట్లో మెరవాలి. ఇద్దరం ఒప్పుకునేది కంపెనీలను తిట్టడంలోనే. "ఏటేటా సైజు తగ్గిస్తున్నరు, ధర మాత్రం తగ్గిస్తలేరు," అంటాడు. పెద్ద కంపెనీల షోరూముల్లో డబ్బు చేతిలో పెట్టినా వాచీ ఇవ్వకుండా పేరు రాసుకుని పంపిస్తారని చదివినప్పుడు అతనికి ఊళ్లో ఎరువుల సొసైటీ గుర్తొచ్చింది. "సొసైటీల యూరియాకు మనల గిట్లనే నిలవెడ్తరు గద అన్నా. పెద్దోళ్లకు గూడ లైను తప్పలేదన్నట్టు." ఆ మాట తల్చుకుని అతనికి పెద్ద తృప్తి.

మా ఆవిడకు ఈ ముచ్చట్లంటే ఒళ్లు మంట. "హాల్ల గడియారం సెల్లు అయిపోయి ఎన్ని దినాలైంది? అది ఆగి సస్తుంటే మీకు స్విట్జర్లాండ్ ముచ్చటెందుకు?" అంటుంది. ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు. ఆ గడియారం ఇప్పటికీ ఆగే ఉంది.

చివరికి ఒక వాచీ కొన్నాం. ఒక్కొక్కరికి ఒక్కోటి కొనే తాహతు లేదు గనక ఇద్దరం కలిసి ఒక్కటే కొన్నాం. హైదరాబాద్ షోరూములో అమ్మే అమ్మాయి ఎవరికండీ అని అడిగితే ఇద్దరం ఒక్కసారే చేతులు చాపాం. తెల్ల డయల్, పలచని వాచీ, కీ ఇచ్చేది. అంటే నా మాటే నెగ్గింది. అతను మారు మాట్లాడకుండా, "నీకు నచ్చితే నాకు నచ్చినట్టే," అన్నాడు. నా చేయి సన్నం, అతని మణికట్టు లావు. తోలు పట్టీకి అతని కోసం చివర్న ఇంకో రంధ్రం వేయించాం.

చెరువు నీళ్లు పొలాలకు వంతుల్లో పారించుకున్నట్టే వాచీకీ వంతులు పెట్టుకున్నాం. ఒక నెల నాది, ఒక నెల అతనిది. వంతు మారే రోజు ఎవరో ఒకరు బస్సెక్కి అవతలివాళ్ల ఊరికి వెళ్లాలి, చాయ్ తాగాలి, మెత్తటి పసుపు బట్టలో చుట్టిన వాచీని చేతిలో పెట్టాలి. నిజం చెప్పాలంటే నాకు వాచీ కట్టుకున్న నెల కంటే ఆ చాయ్ పూటే ఎక్కువ ఇష్టం.

అట్లా హాయిగా నడుస్తుండగా, ఒకసారి నా వంతు మొదలైన వారానికే వాచీకి దయ్యం పట్టినట్టు తెలిసింది. ముందుకు పరుగే పరుగు. నేను ముహూర్తం దాటిపోతుందని ఒక పెళ్లికి ఆదరాబాదరా వెళ్తే పందిట్లో ఇంకా కుర్చీలే వేయలేదు. వంటవాళ్లు నన్ను చూసి కూరగాయలు తెచ్చినవాణ్ననుకున్నారు. ఇంటికొచ్చి ఫోన్ టైముతో పోల్చి చూస్తే వాచీ పూటపూటకూ నిమిషాలు మింగేస్తోంది. ఇట్లాంటి వాచీ ఊరికే పాడవుతుందా? ఎక్కడో గట్టిగా పడి ఉంటుంది. నా చేతిలో పడలేదు. అంటే ఎవరి చేతిలో?

నాకు కోపం వస్తే నోటికీ బుర్రకూ సంబంధం తెగిపోతుంది. ఫోన్ తీసి, "తమ్మీ, వాచీ ఏడ పడేసినవ్?" అన్నాను. బాగున్నావా అని కూడా అడగలేదు.

"నేనా? నేనేడ పడేసిన? నా దగ్గర మంచిగనే ఉండె."

"మంచిగుంటే గిట్ల ఎందుకురుకుతది?"

"నువ్వే దుకాణంల ఏ బిందెకో కొట్టుకున్నట్టున్నవ్. నీ దుకాణం నిండ ఇనుమే గద."

నా దుకాణంలో ఇనుము ఉండదు. స్టీలు ఉంటుంది. ఆ మాట మీద ఇంకో పావుగంట అరుచుకున్నాం. చివరికి అతను మెల్లగా, "గింత అనుమానం ఉన్నంక వంతులెందుకన్నా. అమ్మేద్దాం. నీ సగం నీకు, నా సగం నాకు," అన్నాడు. నేను సరే అనేశాను. అన్న మరుక్షణమే నాలుక కరుచుకున్నాను గానీ అప్పటికే ఫోన్ పెట్టేశాడు.

సరిగ్గా ఆ తర్వాతే కొత్త వాచీల వారం వచ్చింది. ఒక కంపెనీవాళ్లు ఆకుపచ్చ డయల్‌తో లావుపాటి ఈత వాచీ తెచ్చారు. చూడగానే చేయి అతని నంబరు మీదకు పోయింది, మళ్లీ వెనక్కి వచ్చింది. గ్రూపులో వందమంది దాని గురించి ఇంగ్లీషులో మాట్లాడుతున్నారు. అతను ఒక్క మాట రాయలేదు. నేనూ రాయలేదు. రాత్రి అన్నం తిన్నాక ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చుంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది. వాచీ పోతే పోయింది, ఈ ముచ్చట పోతే ఇంకెవరితో చెప్పుకోవాలి? మా ఆవిడ నా ముఖం చూసి, "ఏంది, స్విట్జర్లాండోళ్లు దుకాణం బంద్ పెట్టిన్రా?" అంది. "పోయి రారాదు," అంది మళ్లీ, ఈసారి నవ్వకుండా.

మర్నాడు వాచీ జేబులో వేసుకుని ఎల్లారెడ్డి బస్సెక్కాను. అమ్మడం గురించి మాట్లాడటానికే వెళ్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఇంటికి వెళ్తే అతని భార్య, "తోట కాడ ఉన్నడన్నా. నాలుగు దినాల సంది సరిగ తింటలేడు. ఏమైందంటే చెప్తలేడు," అంది. నాకు లోపల కొంచెం సంతోషం వేసిన మాట దాచను. బాధపడుతున్నది నేనొక్కణ్నే కాదు.

బోరు దగ్గర నిలబడి ఉన్నాడు. నన్ను చూసి తల పక్కకు తిప్పుకున్నాడు గానీ, "చాయ్ తాగినవా?" అని అడిగాడు. మోటారు వేయడానికి వెళ్లి స్టార్టర్ డబ్బా తలుపు తెరిచాడు. డబ్బాలో ఒక మూల, షోరూమువాళ్లు మాకు చెరొకటి ఇచ్చిన మెత్తటి పసుపు బట్టల్లో అతనిది మడత పెట్టి ఉంది.

"గది వాచీ బట్ట గద. ఈడెందుకుంది?" అన్నాను.

అతను దొరికిపోయిన దొంగలా చూశాడు. ఊళ్లో రెండిళ్లలో దొంగలు పడ్డారట. అప్పటిదాకా బియ్యం డ్రమ్ములో దాచిన వాచీని పోయిన వంతులో తెచ్చి ఇక్కడ పెట్టాడట. "షాక్ కొడ్తదని దీంట్ల ఎవ్వడు చెయ్యి పెట్టడన్నా," అన్నాడు, తన తెలివికి తానే కొంచెం మురిసిపోతూ. నేను డబ్బా తలుపు వైపు చూశాను. అది సరిగా పడటం లేదని లోపలి వైపు పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం అంటించాడు. పిడికిలంత ఉంది. తలుపు మూస్తే సరిగ్గా ఆ బట్టకు ఆనుకుంటుంది.

జేబులోంచి వాచీ తీశాను. ఫోన్‌లో దిక్కులు చూపించే కంపాస్ తెరిచి వాచీని పక్కకు తెచ్చాను. ముల్లు పిచ్చెక్కినట్టు తిరిగింది. వాచీలోని సన్నటి స్ప్రింగుకు అయస్కాంత గుణం అంటుకుంటే చుట్లు ఒకదానికొకటి అతుక్కుని వాచీ పరుగెత్తుతుంది. ఈ సంగతి మాకు చిన్నపిల్లలకు అక్షరాలొచ్చినంత బాగా తెలుసు. గ్రూపులో కనీసం పదిమందికి మేమే చెప్పి ఉంటాం. ఇద్దరం ఆ ముల్లు చూసి, ఆ తలుపు చూసి, చెరుకు తోటలో కడుపు పట్టుకుని నవ్వాం.

నవ్వు ఆగాక నాకు ఒక అనుమానం వచ్చింది. "కట్టుకునేటోనివైతే నీకే తెలువాలె గద, ఉరుకుతున్నట్టు?"

అతను మోటారు వైపు తిరిగాడు. పట్టీ తిప్పి చూశాను. నా రంధ్రం దగ్గర తోలు మడతపడి నల్లబడింది. అతని రంధ్రం షోరూములో పొడిచిన రోజు ఎట్లా ఉందో అట్లాగే ఉంది.

"ఒక్కనాడు గూడ కట్టలేదా?"

"కట్టలే. తోట పని చేసే చెయ్యి, గీత వడితే నువ్వు బాధపడ్తవని. రోజు పొద్దున చీకట్ల తీసి కీ ఇచ్చి, మల్ల పెడుతుంటి. కీ ఇయ్యకపోతే నీకు నచ్చది గద."

ఇన్ని వంతులుగా తనకు నచ్చని పలచటి వాచీకి రోజూ చీకట్లో లేచి కీ ఇచ్చాడు, నా కోసం. అట్లాంటివాణ్ని నేను ఏడ పడేసినవ్ అని అడిగాను.

అయస్కాంతం పోగొట్టే చిన్న డబ్బా ఆన్‌లైన్‌లో తెప్పించాను. బటన్ నొక్కి దాని మీద నుంచి వాచీని మెల్లగా పైకి లేపితే చాలు, దయ్యం దిగిపోయింది. నా వంతు ఇంకా ఉన్నా ఎల్లారెడ్డి వెళ్లి అతని మణికట్టుకు నేనే కట్టాను. కొత్త రంధ్రంలో పిన్ను దూర్చడానికి ఇద్దరం తిప్పలు పడ్డాం. "ఇది ఇప్పితె నా మీద ఒట్టు," అన్నాను.

నెల దాటింది. వాచీ రాలేదు, నేను అడగలేదు. ఒక సాయంత్రం గ్రూపులో ఫోటో పడింది. ఇన్నేళ్లలో అతను తన చేయి ఫోటో పెట్టడం అదే మొదటిసారి. మోచేతి దాకా ఒండ్రు, లావుపాటి మణికట్టు, తెల్ల డయల్, అంచున గోరంత పొడవు గీత. బొంబాయి దొరబాబు ఒకాయన ఇంగ్లీషులో, అయ్యో, ఇంత మంచి వాచీని ఇట్లా వాడతారా, అసలెవరిది ఇది అని అడిగాడు.

కింద తెలుగులో జవాబు వచ్చింది. "మాదే సార్. మా అన్నది, నాది."