చెరిపేసినాక వచ్చిన మెసేజ్

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. పలమనేరులో ఇరవై ఏళ్లుగా పశువుల దాణా అంగడి నడుపుతున్నవాణ్ణి. నన్ను చూసి దెయ్యాలే దారి తప్పుకోవాలి. అయినా ఈ సంగతి రాయకుండా ఉండలేకపోతున్నాను.

ముందు నా గొప్ప కొంచెం చెప్పుకోవాలి. కొంచెమంటే కొంచెమే. ఎవరో పుణ్యాత్ములు రాసి, ఊరికే వాడుకోండని లోకానికి వదిలేసిన ప్రోగ్రాం ఒకటి నెట్‌లో దొరికింది. ఆవు సూడి కట్టిన తేదీ రాసుకుంటే, ఈనే రోజు దగ్గరపడగానే రైతు ఫోనుకు మెసేజ్ పంపుతుంది. దాన్ని ఏ కంపెనీ చేతిలోనూ పెట్టకుండా, నా సొంత క్లౌడ్ అకౌంట్‌లో, ఈ రెండు చేతులతో నిలబెట్టి, మెసేజ్ కింద నా పేరు పెట్టినాను. మూడు వారాలు పట్టింది. చంద్రుడి మీదికి రాకెట్ పంపినవాళ్లు కూడా అంత చెమట కార్చి ఉండరు.

దాని సొగసేమంటే, దానికోసం ఒక సర్వరు రాత్రీపగలూ తిరగాల్సిన పని లేదు. పని పడితే లేస్తుంది, చేస్తుంది, మాయమైపోతుంది.

పాల కేంద్రం దగ్గర ఈ మాట చెబితే మా బావ రెడ్డెప్ప క్యాన్ కింద పెట్టి, "సర్వరే లేదంటావు. మరి పని చేసేదెవరప్పా, దెయ్యమా?" అన్నాడు. ఊరంతా నవ్వింది. ఊరంటే ఆ పొద్దు పదకొండు మంది.

నలభై ఆవుల దాకా రాసుకున్నాను. మా వీధి చివరుండే మునెమ్మత్త మాత్రం ఒప్పుకోలేదు. ఆమెకుండేది ఒకే ఆవు, గౌరి. ఆ పాలే ఆమె కూడు. "పుట్టబోయేదాన్ని ముందే రాసిపెడితే దిష్టి తగులుతుంది నాయనా. గౌరి పేరూ రాయొద్దు, నా నంబరూ రాయొద్దు," అనింది. రాయలేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

బావ "భీమ" అని ఒక పేరు, ఒక తేదీ ఇచ్చినాడు. నమ్మి రాసుకున్నాను. నెలలు గడిచినాక ఒక పొద్దున పాల కేంద్రంలో ఫోను తీసి అందరి ముందూ చదివినాడు: "మీ భీమ ఈరోజు ఈనవచ్చు. మనిషి దగ్గరుండండి. ఇట్లు, సుబ్రమణ్యం."

భీమ వాళ్ల ఎద్దు.

"మంత్రసానిని పిలవండబ్బా, మా ఎద్దుకు నొప్పులు!" అని కేకలు పెట్టినాడు.

తల తీసేసినట్టయింది. ఇంటికొచ్చి ఆ పొద్దున ఏడున్నరకే ప్రోగ్రాం, పేర్ల పట్టిక, అన్నీ చెరిపేసినాను. ఒకటికి రెండుసార్లు చూసినాను. జరిగిపోయిన పనుల లెక్క తప్ప ఏమీ మిగల్లేదు.

పదకొండుకు మునెమ్మత్త ఫోను. "నీ మెసేజ్ పక్కింటామె చదివితే, చేనికి పోకుండా ఆగినాను నాయనా. దూడ కాలు అడ్డం తిరిగుండాది. డాక్టరును తీసుకురా!"

పశువుల డాక్టరును బండెక్కించుకుని పోయినాను. ఆ వేగానికి ఆయన కళ్లద్దాలు దారిలోనే ఎగిరిపోయినాయి. గంటసేపు పెనుగులాడి దూడను తిప్పి బయటికి తీసినాడు. ఇంకాస్త ఆలస్యమైతే తల్లీబిడ్డా దక్కేవి కాదన్నాడు.

అప్పుడు ఆమె ఫోను చూసినాను. "మీ గౌరి ఈరోజు ఈనవచ్చు. మనిషి దగ్గరుండండి. ఇట్లు, సుబ్రమణ్యం." వచ్చింది తొమ్మిది గంటల పది నిమిషాలకు. ఎద్దు మెసేజ్ వచ్చిన నంబరు నుంచే.

ఇంటికి పోయి అకౌంట్ తెరిచినాను. ఖాళీ. ఏ పని ఎప్పుడు జరిగిందో రాసుకునే లాగ్ ఒక్కటే మిగిలుండాది. అందులో చివరిది బావ ఎద్దు మెసేజ్. ఆ తర్వాత ఒక్క అక్షరం లేదు. బావను అనుమానించినాను. ఆయనకు తన పేరు టైపు చేయడానికే ఒక పూట పడుతుంది. పైగా గౌరి తేదీ మునెమ్మత్త ఎవరికీ చెప్పలేదు.

మరుసటి రోజే ప్రోగ్రాంను మళ్లీ నిలబెట్టినాను, ఈసారి దారి తెలుసు కాబట్టి. మొదట వచ్చింది బావే, ఈసారి నిజమైన ఆవుల పేర్లతో. "ఆ దెయ్యాన్ని మా ఆవుల కొట్టానికి కూడా పంపప్పా," అన్నాడు, నవ్వకుండా.

గౌరి మళ్లీ సూడితో ఉండాది. మునెమ్మత్త రాయొద్దనే అంటాంది. నేనూ రాయలేదు. ఆ మెసేజ్ ఎవరు పంపినారో, ఎట్ల పంపినారో నాకు ఈ రోజుకీ తెలీదు. కానీ కింద ఉండే పేరు మాత్రం నాది.